పక్క డేరా పోల్స్ మారుస్తున్నాం: ఏవి ఎంచుకున్నాం, ఎందుకు, మీకు తేడా ఏమిటి

మెల్‌బోర్న్‌లో మా దగ్గర క్యాంపర్ ట్రైలర్లు అద్దెకు తీసుకునే అందరికీ నమస్కారం. ఈ సీజన్ నుంచి ట్రైలర్ల పక్క డేరా పోల్స్ మారుస్తున్నాం. ఇక్కడివాళ్ళు యానెక్స్ అంటారే, ట్రైలర్‌కి జిప్‌తో తగిలించుకునే ఆ డేరావే. మీ వంటలు, భోజనాలు, వాన పడితే పిల్లల ఆటలు అన్నీ దాని కిందే. అర్ధరాత్రి అది ఒరిగిపోతే ట్రిప్ అంతా పాడైనట్టే. అందుకే ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాను.

పోయిన వేసవిలో విల్సన్స్ ప్రామంటరీ, గ్రేట్ ఓషన్ రోడ్ వైపు వెళ్ళొచ్చిన ట్రైలర్లలో వంగిన పోల్స్ చాలా కనిపించాయి. తిరిగి అప్పగించేటప్పుడు కొందరు మొహమాటపడుతూ "మేమే సరిగ్గా వేసినట్టు లేదండీ" అన్నారు. మీ తప్పేం లేదు. ట్రైలర్‌తో పాటు కంపెనీ ఇచ్చినవి 22 మిల్లీమీటర్ల స్టీల్ గొట్టాలు, గోడ మందం 0.8 మిల్లీమీటర్లు. నిలువు రాటలుగా అవి సరిపోతాయి. పైకప్పుని మోసే అడ్డ పోల్స్‌గా మాత్రం చాలవు.

వంగినవాటిని గ్యారేజీలో సిమెంటు నేల మీద దొర్లించి చూశాను. దాదాపు అన్నీ ఒకే చోట వంగాయి. లోపలి గొట్టం బయటి గొట్టంలోకి దూరే చోట, సరిగ్గా బిగింపు స్క్రూ దగ్గర. ఆ స్క్రూ మొన పలచటి గొట్టాన్ని ఒకే బిందువు దగ్గర నొక్కుతుంది. బిగించినప్పుడల్లా సొట్ట కొంచెం లోతవుతుంది, గొట్టం అక్కడ గుండ్రంగా ఉండకుండా చపటగా అవుతుంది, బరువు పడగానే అక్కడే మడత పడుతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గాలికి డేరా కదిలినప్పుడల్లా స్క్రూ కాస్త కాస్త జారి పోల్ పొట్టిదవుతుంది, కాన్వాస్ వదులవుతుంది, వదులైన చోట వాన నీళ్ళు నిలుస్తాయి. ఒక చదరపు మీటరు మేర 10 సెంటీమీటర్ల లోతున నీళ్ళు నిలిస్తే 100 కిలోలు! ఆ బరువుకి పోల్ ఇంకాస్త వంగుతుంది, పల్లం పెరిగి ఇంకా నీళ్ళు చేరతాయి. పొద్దున లేచి చూసేసరికి డేరా మధ్యలో చిన్న చెరువు ఉండేది ఇందుకే.

"అల్యూమినియం వేయించండి, తేలిగ్గా ఉంటాయి" అని చాలామంది సలహా ఇచ్చారు. మంచి సలహానే, కాకపోతే అన్ని చోట్లా పనికిరాదు. ఒకే సైజు, ఒకే మందం ఉన్న రెండు గొట్టాల మీద ఒకే బరువు పెడితే, స్టీల్ వంగినదానికి దాదాపు మూడు రెట్లు అల్యూమినియం వంగుతుంది. అల్యూమినియం మిశ్రమం 6061 అనే రకమైనా ఇంకో రకమైనా ఈ లెక్క పెద్దగా మారదు. మేలు రకం మిశ్రమాలు శాశ్వతంగా వంకరపోకుండా తట్టుకుంటాయి గానీ, బరువున్నంతసేపూ కిందికి దిగడం దిగుతాయి. పైకప్పు దిగితే నీళ్ళు నిలుస్తాయి కదా, అదే వద్దనుకుంటున్నాం.

గొట్టం బిగువు, అంటే బరువు పడ్డా వంగకుండా నిలబడే గుణం, ముఖ్యంగా దాని వ్యాసం మీద ఆధారపడుతుంది. మందం పెంచితే బిగువు ఆ మేరకే పెరుగుతుంది. వ్యాసం పెంచితే దాని ఘనంతో పెరుగుతుంది. 22 మిల్లీమీటర్ల నుంచి 25కి వెళ్ళి, మందం 0.8 నుంచి 1.2 చేస్తే అదే స్టీల్‌కి బిగువు రెండు రెట్లు దాటుతుంది. చేతిలో పట్టుకుంటే ఆ మూడు మిల్లీమీటర్ల తేడా తెలియను కూడా తెలియదు. 30 మిల్లీమీటర్ల అల్యూమినియం కూడా ఆలోచించాను. పాత స్టీల్ కంటే తేలిగ్గా, బిగువుగా ఉంటుంది. కానీ మన డేరా పైకప్పుకి కుట్టిన గుడ్డ తొడుగులు, క్లిప్పులు 25 దాటితే పట్టవు. కాన్వాస్ కుట్లు విప్పి మార్పించడం నాకిష్టం లేదు. ఒకసారి విప్పిన కుట్టు దగ్గర నీళ్ళు కారకుండా చేయడం చాలా కష్టం.

అందుకని పైన అడ్డంగా వచ్చేవన్నీ జింక్ పూత ఉన్న 25 మిల్లీమీటర్ల స్టీల్ పోల్స్, మందం 1.2. నిలువు రాటలు 25 మిల్లీమీటర్ల అల్యూమినియం, మందం 1.5. నిలువు రాట మీద బరువు నిట్టనిలువుగా దిగుతుంది కాబట్టి అక్కడ అల్యూమినియం చాలు. పాత రాటలకి దగ్గరగా బిగువు, బరువు మాత్రం పాతిక శాతానికి పైగా తక్కువ. ఫైబర్‌గ్లాస్ జోలికి వెళ్ళలేదు. గుండ్రటి చిన్న టెంట్లలో విల్లులా వంగి నిలబడడానికి అది బాగుంటుంది. ఎండకి పాతబడి చీలితే మాత్రం సన్నటి పేళ్ళు చేతుల్లో గుచ్చుకుంటాయి. చిన్న పిల్లలు పట్టుకునే చోట అది నాకు వద్దనిపించింది.

స్క్రూల స్థానంలో లివర్ క్లాంపులు వస్తున్నాయి. లివర్ మూస్తే గొట్టం చుట్టూ సమానంగా పట్టుకుంటుంది, ఒక్కచోట పొడవదు, కాబట్టి సొట్ట పడదు. పట్టు తగ్గినట్టు అనిపిస్తే పక్కనున్న చిన్న నట్టుని కొంచెం తిప్పండి. లివర్ మీద కాలు పెట్టి నొక్కొద్దు. క్లాంపు ప్లాస్టిక్ ఎండకి పెళుసవుతుంది కాబట్టి ప్రతి పోల్ సంచిలో విడి క్లాంపులు పెడుతున్నాను.

పాత సెట్‌లో లేని పోల్ ఒకటి కొత్తగా కనిపిస్తుంది: పైకప్పు మధ్యలో వచ్చే వంపు పోల్. దయచేసి దాన్ని సంచిలో వదిలేయకండి. రెండు అడ్డ పోల్స్ మధ్య కాన్వాస్ దూరాన్ని అది సగానికి తగ్గిస్తుంది, నీళ్ళు ఎటో ఒకవైపు జారిపోతాయి. వానొచ్చేలా ఉంటే దానికి తోడు ముందువైపు మూల రాట ఒకదాన్ని ఒక జానెడు కిందికి దించండి. కొత్త పోల్స్‌కైనా ఇది అవసరమే.

ఇక గాలి. ఎంత మంచి పోల్స్ వేసినా డేరా ఇల్లు కాదు. గాలి వేగం రెట్టింపయితే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. మన డేరా పక్క గోడ సుమారు 5 చదరపు మీటర్లు అనుకుంటే, గంటకి 30 కిలోమీటర్ల గాలి దాన్ని 20 కిలోల బరువుతో నెట్టినట్టు. 60 అయితే 85 కిలోలు. 90 అయితే 190 కిలోలు. టైడల్ రివర్ లాంటి సముద్రపు ఒడ్డు క్యాంపుల్లో గాలి ఒక్కసారిగా లేస్తుంది. గాలుల హెచ్చరిక ఉందేమో బయల్దేరే ముందు, మళ్ళీ సాయంత్రం పడుకునే ముందు బ్యూరో ఆఫ్ మీటియరాలజీ యాప్‌లో చూసుకోండి. హెచ్చరిక ఉంటే ముందు పక్క గోడలు తీసేయండి, ఆ తర్వాత పక్క డేరా మొత్తం దించేయండి. ఇద్దరు పెద్దవాళ్ళు వెలుతురు ఉండగా చేస్తే సులువు. గాలి మొదలయ్యాక చీకట్లో చేయాలంటే చాలా టెన్షన్. ఇసుకలో మామూలు మేకులు నిలవవు. బీచ్ వైపు వెళ్తున్నామని ముందే చెబితే పొడవాటి, వెడల్పాటి ఇసుక మేకులు వేరే సంచిలో ఇస్తాను, వాటికి అదనపు డబ్బులేమీ లేవు.

ఉప్పు గాలి విషయంలో రెండు మాటలు. స్టీల్ గొట్టం కోసిన చివర జింక్ పూత ఉండదు, తుప్పు అక్కడ మొదలవుతుంది. అల్యూమినియానికి తుప్పు పట్టదు గానీ, ఉప్పు తగిలితే తెల్లటి పొడి పట్టి లోపలి గొట్టం ఇరుక్కుంటుంది. సముద్రం వైపు నుంచి వస్తే మంచినీళ్ళతో ఒకసారి కడిగి, తుడిచి సంచిలో పెట్టండి. కుదరకపోతే తిరిగి ఇచ్చేటప్పుడు "బీచ్‌కి వెళ్ళాం" అని చెప్పండి, మేం కడుక్కుంటాం. జారడం లేదని నూనె మాత్రం రాయకండి, ఇసుక అంతా దానికే అంటుకుంటుంది.

పైకప్పు స్టీల్ మందమైంది కాబట్టి రాటల్లో తగ్గినది పోగా సంచి మొత్తం బరువు కాస్త పెరుగుతుంది. ఎత్తేటప్పుడు ఇద్దరు పట్టుకోండి. దాన్ని ట్రైలర్ వెనక చివర పడేయకుండా, చక్రాల పైన మేం కట్టిన పట్టీల మధ్యే పెట్టండి. బరువు వెనక్కి చేరితే హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది.

అద్దె పెంచడం లేదు. మామూలు వాడకంలో పోల్ వంగితే డిపాజిట్‌లోంచి ఏమీ కోయం. గాలుల హెచ్చరిక ఉన్న రాత్రి డేరా దించకుండా వదిలేసి పోల్స్, కాన్వాస్ పాడైతే మాత్రం రిపేరు ఖర్చులో సగం మీది. ఇది ఒప్పందంలో రాసే ఉంటుంది, తాళాలు ఇచ్చేటప్పుడు మళ్ళీ చదివి వినిపిస్తాను.

నవంబరులో కప్ డే (మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందెం సెలవు) లాంగ్ వీకెండ్‌కి అన్ని ట్రైలర్లూ పూర్తి కావు. క్రిస్మస్ సెలవుల్లోపు అవుతాయి. మీకు పాత పోల్స్ ఉన్న ట్రైలర్ వస్తుంటే ముందే ఫోన్ చేసి చెబుతాను. దానికి కొత్త వంపు పోల్ మాత్రం కచ్చితంగా ఇస్తాను, అద్దెలో పదో వంతు తగ్గిస్తాను. వద్దనుకుంటే తారీకు మార్చుకోవచ్చు, డబ్బు వాపసు కావాలన్నా మొత్తం ఇచ్చేస్తాను. కొత్త పోల్స్‌తో డేరా వేయడం చూడాలనుకునేవాళ్ళు శనివారం ఉదయం యార్డుకి రండి, ఒక ట్రైలర్ విప్పి ఉంచుతాను. పిల్లల్ని కూడా తీసుకురండి, క్లాంపులు బిగించడం వాళ్ళకి చాలా సరదాగా ఉంటుంది.