హైదరాబాద్ నుంచి చికాగోకు 17 గంటల దారి, 24 గంటల ప్రయాణం

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం.

మా అమ్మకు 67 ఏళ్లు. తెలుగు తప్ప మరో భాష రాదు. పోయినేడు చెల్లెలి కాన్పుకని చికాగో వెళ్లింది. బయల్దేరే ముందు రాత్రి నోట్‌బుక్ కాగితం చింపి నాలుగు చీటీలు రాసిచ్చాను. పైన ఇంగ్లిష్, కింద తెలుగు. ‘నాకు ఇంగ్లిష్ రాదు, ఈ గేటు దగ్గరికి తీసుకెళ్లండి’ అని ఒకటి, ‘బాత్రూమ్ ఎక్కడ?’ అని ఇంకొకటి. బాగానే నడవగలిగిన మనిషికి వీల్‌చెయిర్ బుక్ చేశాం. విమానం మారేచోట ఎవరో ఒకరు వెంట ఉంటారన్న ధైర్యం కోసం. చాలా తెలుగు ఇళ్లలో ఇదే పని చేస్తున్నారు.

వీల్‌చెయిర్ తోసినతను అమ్మను ఓ మూల కూర్చోబెట్టి వెళ్లిపోయాడట. నాలుగు గంటలు అక్కడి నుంచి కదల్లేదు. లేస్తే పిలుపు తప్పిపోతుందేమోనని బాత్రూమ్‌కి పోలేదు, పోవాల్సి వస్తుందని మంచినీళ్లు తాగలేదు. అమ్మకు షుగర్ ఉంది. ఈ సంగతి మాకు నెల తర్వాత చెప్పింది.

హైదరాబాద్ నుంచి చికాగో నేరుగా సుమారు 13,300 కిలోమీటర్లు. ఆగకుండా వెళ్తే దాదాపు 17 గంటలు. దుబాయ్ మీదుగా లెక్కేస్తే 14,200 కిలోమీటర్లు. పెరిగింది 900 కిలోమీటర్లే, అంటే విమానానికి గంట పైచిలుకు పని. మిగతా ఆలస్యమంతా దిగడం, మళ్లీ చెకింగ్, గేటు వెతుక్కోవడం, ఎదురుచూడటం. అన్నీ కలిసి తేలిగ్గా 24 గంటలవుతాయి. కుర్రాళ్లకు అది విసుగు. మా అమ్మలాంటి వాళ్లకు భయం.

కాన్పుకైతే ముందే టికెట్ కొనుక్కుంటాం. నాన్న పోయాడని అర్ధరాత్రి ఫోన్ వస్తే? మా ఊళ్లో ఫ్రీజర్ బాక్స్ చుట్టూ కూర్చుని ‘కొడుకు ఎక్కడిదాకా వచ్చాడు?’ అని అడుగుతూనే ఉంటారు. అక్కడ ఆరేడు గంటలు చిన్న మాట కాదు.

నేరుగా విమానం నడపడం కాని పనేం కాదు. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్ నుంచి చికాగోకు నేరుగా విమానం నడిపింది. మా చుట్టుపక్కల ఎంత సంబరపడ్డారో! అది నిలబడలేదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,000 కిలోమీటర్లకు పైగా ఆగకుండా ఎగురుతున్నారు, మనది అంతకన్నా దగ్గరే. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసేశాక మన విమానాలకు అమెరికా దారి పొడవైందనీ, ఇంధనం ఖర్చు పెరిగిందనీ తెలుసు. ఎయిరిండియా ఇప్పుడు టాటాలది, మీరు ఆదేశిస్తే నడిచేది కాదనీ తెలుసు. కానీ విమాన సంస్థలను, తెలంగాణ ప్రభుత్వాన్ని, ఎయిర్‌పోర్టు వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి, ఏ షరతుల మీద ఈ సర్వీసు మళ్లీ నడుస్తుందో తేల్చమనే పని మీరు చేయగలరు. శ్రీకాకుళం మనిషిగా వలస వెళ్లిన పిల్లల కోసం ఎదురుచూసే ఇళ్లు మీకు కొత్త కాదు.

అది అయ్యేలోపు ఒక చిన్న పని చేయండి. ఢిల్లీ, హైదరాబాద్ విమానాశ్రయాలు రెండింటినీ నడిపేది జీఎంఆరే. ఢిల్లీలో అంతర్జాతీయ విమానం మారేచోట తెలుగు మాట్లాడే మనిషిని 24 గంటలూ ఉంచమని వాళ్లను అడగండి. దీనికి కొత్త విమానాలు అక్కర్లేదు, పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ‘అమ్మా, ఇటు రండి’ అనే గొంతు వినపడితే చాలు.

వచ్చే వేసవిలో మనవరాలి పుట్టినరోజుకు అమ్మ మళ్లీ వెళ్లాలి. ఆలోపు మీ జవాబు కోసం చూస్తాను.

ఇట్లు,
కరీంనగర్ నుంచి ఒక కొడుకు