దయ్యం దొరికిందిరా!

ఒరేయ్ ఫ్యూజూ,

ముందే తిట్టకు. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది, తెలుసు. జవాబు రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏదో ఒక రికార్డో, ఏదో ఒక పరీక్షో నెత్తిన పడుతోంది. క్షేమ సమాచారాలు గబగబా చెప్పేస్తాను: ఆరోగ్యం బాగుంది, థియరీ గట్టెక్కాను, డ్రైవ్‌ల మాడ్యూల్ అయిపోయింది, పీఎల్‌సీ క్లాసులు మొదలయ్యాయి, చేతి మీద కాలిన మచ్చ మానిపోయింది (సోల్డరింగ్ ఐరనే, నువ్వనుకున్నది కాదు). రెండో స్క్రూ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. అంతే. ఇక అసలు విషయానికి వస్తాను, ఇది చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. చెబితే అర్థమయ్యేదీ నీకే.

మాకు ఫాల్ట్ ఫైండింగ్ ప్రాక్టికల్ ఉంది. సార్ ప్యానెల్లో ఏదో ఒక తేడా పెట్టి వెళ్ళిపోతారు, మనం పట్టుకోవాలి. మామూలుగా ఊడిన వైరు, కాలిన ఫ్యూజు (నువ్వు కాదులే), కాంటాక్టుల మధ్య కనపడకుండా దూర్చిన కాగితం ముక్క, ఇలాంటివే ఉంటాయి. ఈసారి బండ తేడా. ఒక మోటారు, దానికి కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్చు కాంటాక్టర్, ఆ కాంటాక్టర్‌ని లాగే చిన్న స్విచ్చు రిలే. రిలే కాయిల్ (కరెంటు పారితే అయస్కాంతమై రిలేని లాగే తీగచుట్ట) 230 వోల్టుల ఏసీది. స్టార్ట్, స్టాప్ బటన్లు మాత్రం ప్యానెల్ మీద లేవు, మూడు కోర్ల (లోపలి వైర్ల) కేబుల్ చివర వేరే డబ్బాలో ఉన్నాయి. ఆ కేబుల్ 200 మీటర్లు, డ్రమ్ముకి చుట్టి గోడవార పడేసి ఉంది. "పంపు అక్కడెక్కడో, ప్యానెల్ ఇక్కడ, అలా అనుకోండి" అన్నారు సార్.

ఇక కంప్లైంట్ విను. స్టార్ట్ నొక్కితే మోటారు తిరుగుతుంది. స్టాప్ నొక్కితే ఒక్కోసారి ఆగుతుంది, ఒక్కోసారి ఆగదు. వేలు తీయకుండా నొక్కిపట్టినా సరే, తిరుగుతూనే ఉంటుంది!

ఇంకో వింత. వర్క్‌షాప్ కళకళలాడుతుంటే, వెల్డింగులూ లేత్‌లూ అన్నీ నడుస్తుంటే, బుద్ధిగా ఆగుతుంది. పొద్దున్నే ఎవరూ రాకముందు, సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, అప్పుడే మొండికేస్తుంది. సార్‌ని పిలిస్తే ఆయన ముందు ఆగిపోతుంది. ఇంక మావాళ్ళు దానికి దయ్యం అని పేరు పెట్టేశారు. జనం ఉంటే రాదట, ఒంటరిగా ఉంటేనే వస్తుందట.

రిలే మార్చాం, అదే కథ. స్టాప్ బటన్ కాంటాక్టు అతుక్కుపోయిందేమోనని సప్లై తీసి మీటరుతో చూశాం. నొక్కితే శుభ్రంగా తెరుచుకుంటోంది. కేబుల్లో లీకేజీ ఉందేమోనని 500 వోల్టులిచ్చి ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ పెట్టాం. వందల మెగోమ్‌లు, కొత్త కేబుల్‌లా ఉంది. ఆ మెగ్గర్ తీశాక మా బక్కోడు కొసని ముట్టుకున్నాడు, "అమ్మో" అని ఎగిరి పడ్డాడు. మెగ్గర్ అయ్యాక కేబుల్‌ని డిశ్చార్జ్ చేయాలని మొదటి వారమే చెప్పారు కదా అని అందరం నవ్వాం. నవ్వనిది ఒక్కడే, బాబాయ్.

బాబాయ్ గురించి నీకు రాశానా? రాయలేదనుకుంటా. మా బ్యాచ్‌లో పెద్దాయన. ఏళ్ళ తరబడి వైరింగ్ పని చేసి, సర్టిఫికెట్ లేదని పైకి రానివ్వడం లేదని ఇప్పుడు మాతో పాటు బెంచీ మీద కూర్చున్నాడు. డిజిటల్ మీటరంటే ఒళ్ళు మంట. సంచిలో ఒక హోల్డరు, 60 వాట్ల బల్బు, రెండు వైర్ల టెస్ట్ ల్యాంపు పెట్టుకుని తిరుగుతాడు. దాన్ని చూసి మావాళ్ళు చేసే వెటకారం అంతా ఇంతా కాదు.

ఆ సాయంత్రం నేనూ ఆయనా మిగిలాం. మోటారు ఐసోలేటర్ (మెయిన్ స్విచ్చు) ఆపి తాళం వేశాం, బటన్లకీ రిలేకీ వెళ్ళే కంట్రోల్ సప్లై మాత్రం ఉంచాం. సప్లై కొలిచి రాసుకోమన్నాడు: 238. మధ్యాహ్నం హడావుడిలో నేను రాసుకున్నది 221. "చూశావా, దయ్యానికి జనం కాదు, వోల్టులు కావాలి" అన్నాడు. ఒరేయ్, అప్పటికి నాకు వెలగలేదు కానీ ఒళ్ళు జలదరించింది.

స్టార్ట్ నొక్కాం, రిలే పట్టుకుంది. స్టాప్ నొక్కి నన్ను అలాగే ఉండమన్నాడు. రిలే వదల్లేదు. కాయిల్ మీద మీటరు పెడితే 130 చిల్లర చూపిస్తోంది. బటన్ దగ్గర దారి తెగి ఉంది కదా, మరి ఈ 130 ఎక్కణ్ణుంచి? బాబాయ్ టెస్ట్ ల్యాంపు తీసి రెండు వైర్లూ కాయిల్ టెర్మినల్స్‌కి ఆనించాడు. బల్బు వెలగనే లేదు. మీటరు సున్నా దగ్గరికి జారిపోయింది. రిలే టక్.

ఆ టక్ అన్న చప్పుడు వినాల్సింది నువ్వు!

తేడా కేబుల్లో కాదురా, కేబులే తేడా. పక్కపక్కనే 200 మీటర్లు నడిచే రెండు వైర్లు, మధ్యలో ఇన్సులేషన్. అంటే చార్జ్ దాచుకునే కెపాసిటరే కదా! మొదటి కోర్‌లో ఫేజ్ స్టాప్ బటన్ దాకా వెళ్తుంది, మిగతా రెండు కోర్లూ రిలే వైపు వెనక్కి వస్తాయి. బటన్ దగ్గర దారి తెగినా మొదటి కోర్ లైవ్‌గానే ఉంటుంది కాబట్టి, ఆ కెపాసిటెన్స్ గుండా ఏసీ పక్క కోర్లకి పాకుతుంది. బక్కోడిని కొట్టింది కూడా అందులో దాగిన చార్జే. మెగ్గర్ డీసీ కాబట్టి దానికి ఇదేమీ కనపడలేదు.

మర్నాడు సార్ బోర్డు మీద లెక్క వేయించారు. కేబుల్ కెపాసిటెన్స్ కిలోమీటరుకు సుమారు 0.3 మైక్రోఫారడ్ అనుకుంటే 200 మీటర్లకి 0.06. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర 4 మిల్లీ ఆంపియర్ల పైచిలుకు. ఇంతేనా అంటావు. ఆ బుల్లి రిలే పూర్తి వోల్టేజీ మీద తాగేదే 5 లోపు! లాగడానికి గట్టిగా కావాలి, లాగాక పట్టుకుని ఉండడానికి కొంచెం చాలు. కాంటాక్టర్ల ప్రమాణంలోనే అలా ఉంది: 85 శాతం వోల్టేజీకల్లా పట్టుకోవాలి, కానీ వదలడం 75 నుంచి 20 శాతం మధ్యలో ఎక్కడైనా జరగొచ్చు. అందుకే ఆ దొంగ కరెంటు స్టార్ట్ చేయడానికి చాలదు, కానీ ఆగనివ్వదు. సప్లై కాస్త పెరిగితే అటు, కాస్త తగ్గితే ఇటు.

బాగుచేయడం ఇంకో కామెడీ. కాయిల్‌కి సమాంతరంగా 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెడితే దొంగ కరెంటు అటు పోతుందని మావాడొకడు పావు వాట్ ముక్క పట్టుకొచ్చాడు. సార్ ఏమీ అనలేదు, లెక్క వేయమన్నారు. రెసిస్టర్ వేడిగా కక్కేది 5.3 వాట్లు వచ్చింది. వాడి మొహం చూడాలి! చివరికి 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ పెట్టాం. కానీ అసలైన మందు కంట్రోల్‌ని 24 వోల్టుల డీసీకి మార్చడమే అన్నారు, డీసీని కెపాసిటర్ నిలకడగా పోనివ్వదు కదా.

తర్వాత సార్ బాబాయ్ ల్యాంపు తీసుకుని, ఇది ఇక వాడొద్దన్నారు. చేతిలో బల్బు పగిలితే ప్రమాదం, దీని బదులు లో ఇంపెడెన్స్ (కరెంటుకి తక్కువ అడ్డు) ఉన్న టూ పోల్ టెస్టర్ వాడమన్నారు. మాట నిజమే. మన మీటరు ఇంపెడెన్స్ 10 మెగోమ్‌లు, సర్క్యూట్ నుంచి అది దాదాపు ఏమీ తాగదు, లోడ్ పడితేనే బండారం బయటపడుతుంది. అయినా అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది. బాబాయ్ మాత్రం నవ్వి ల్యాంపు సంచిలో పెట్టేసుకున్నాడు. వాడతాడు, నాకు తెలుసు.

నవ్వులాటగా రాస్తున్నాను కానీ, ఆ మోటారుకి బెల్టు ఉండి, ఎవరి చొక్కా చెయ్యో అందులో చిక్కుకుని, పక్కవాడు స్టాప్ నొక్కితే... ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదురా.

అందుకే అడుగుతున్నాను. మీ దగ్గర చెరువు గట్టు పంపు పొద్దున్నే స్టాప్‌కి ఆగట్లేదని, రిలేలు మార్చి మార్చి విసుగొచ్చిందని రాశావు కదా. ఆ బటన్ కేబుల్ పొడవెంత? కంట్రోల్ ఏసీయేనా? రిలే ఇంకోటి కొనకు. స్టాప్ నొక్కిపట్టి కాయిల్ మీద వోల్టులు కొలిచి చూడు, కానీ ముందు పంపు ఐసోలేటర్ ఆపి తాళం వెయ్యి, మీటరుని తెలిసిన లైవ్ మీద ముందొకసారి, తర్వాతొకసారి చూసుకో, ఒంటరిగా మాత్రం

అయ్యో, పీఎల్‌సీకి పిలుస్తున్నారు, బాబాయ్ తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. కొలతలు రాయి, అర్జెంటు.

నీ
టెస్టర్‌గాడు