కాలేయ ట్రయల్స్‌లో పసరు సంగతి పేరు పెట్టి అడగాలి

సంపాదకులకు,

ఫ్యాటీ లివర్, హెపటైటిస్, సిర్రోసిస్, పేగు పూత లాంటి జబ్బులకు కొత్త మందుల ట్రయల్స్ హైదరాబాద్‌లో నడుస్తూనే ఉంటాయి. వాటిపై పత్రికల్లో వచ్చే వార్తల్లో మందు పేరు, కంపెనీ పేరు, ఎంతమందికి గుణం కనిపించిందన్న లెక్క ఉంటాయి. ఆ లెక్కనే తారుమారు చేసే సంగతి ఒకటుంది. ట్రయల్‌లో చేరినవారు ట్రయల్ మందుతోపాటు ఇంట్లో ఇంకా ఏమేం మింగుతున్నారన్నది. దాని గురించి దాదాపు ఎవరూ రాయడం లేదు.

ట్రయల్‌లో చేర్చుకునే ముందు పరీక్షించే స్క్రీనింగ్ రోజున "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని ఒక్క ముక్కలో అడిగితే బీపీ బిళ్ల, షుగర్ బిళ్ల చెప్పి ఊరుకుంటారు. ఊళ్లో తాగించిన కామెర్ల పసరు, ముక్కులో పోసిన చుక్కలు, పొద్దున్నే తాగే తిప్పతీగ రసం, నేల ఉసిరి పొడి, పాతబస్తీ హకీం ఇచ్చిన మాజూన్ (యునానీ లేహ్యం), నిద్ర కోసం అశ్వగంధ, బరువు తగ్గాలని వేసుకునే గ్రీన్ టీ క్యాప్సూల్, జిమ్‌లో కొనిపించిన డబ్బా పొడి, మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్, ఇవేవీ ఆ జవాబులోకి రావు. చాలామందికి దాచాలన్న ఉద్దేశమే ఉండదు. అడగలేదు, చెప్పలేదు, అంతే. ఒక్కోదాన్నీ పేరు పెట్టి అడగాలి. ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మరీ అడగాలి. కషాయం కాచి ఇచ్చే అమ్మకో, అత్తగారికో తెలిసినంత రోగికి తెలియకపోవచ్చు.

వీటిలో కొన్ని కాలేయాన్ని నేరుగా దెబ్బతీస్తాయి. కరోనా కాలంలో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశంలోనే పలు ఆసుపత్రుల వైద్యులు నమోదు చేశారు. అశ్వగంధ, గ్రీన్ టీ సారం వల్ల కూడా ఇలాంటి కేసులు వచ్చాయి. మరికొన్ని తమంతట తాము హాని చేయకపోయినా ట్రయల్ మందు జోలికి వెళతాయి. త్రికటు చూర్ణంలోని మిరియాలు, పిప్పళ్లలో ఉండే పైపరిన్ అనే పదార్థం కొన్ని మందులు శరీరంలో విరిగే వేగాన్ని తగ్గిస్తుంది. అప్పుడు వేసిన మోతాదు అంతే ఉన్నా రక్తంలో మందు పెరిగిపోతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ దీనికి పూర్తిగా ఎదురు. అది మందును తొందరగా విరగ్గొట్టేస్తుంది.

ఇది ఎక్కడికి దారితీస్తుందో చూడండి. ట్రయల్‌లో చేరిన ఒకరికి మొదట ఎస్‌జీపీటీ (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 45 ఉందనుకుందాం. ఎనిమిదో వారానికి అది 210కి, కామెర్లను చూపే బిలిరుబిన్ 3.1కి చేరాయి. పిత్తనాళాలు మూసుకుపోతే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మాత్రం మామూలుగానే ఉంది. ఎస్‌జీపీటీ మామూలు గరిష్ఠ హద్దుకు మూడు రెట్లు, బిలిరుబిన్ రెండు రెట్లు దాటి, ఫాస్ఫటేజ్ పెరగకుండా, మరే కారణమూ దొరకకపోతే దాన్ని 'హైస్ లా' కేసు అంటారు. మందు వల్ల ఈ స్థితికి చేరినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటివి ఒకటి రెండు కేసులు చాలు, మొత్తం మందు భవిష్యత్తే ప్రశ్నార్థకమవుతుంది. ఇప్పుడు ఆ మనిషి ఆరోవారంలో పసరు తాగాడన్నది ఎవరికీ తెలియకపోతే మంచి మందు మీద మచ్చ పడుతుంది. పసరు సంగతి బయటపడినా, ఎప్పుడు మొదలుపెట్టాడో తేదీ లేకపోతే నిజంగా చెడ్డ మందు ఆ పసరు చాటున తప్పించుకుంటుంది. రెండోదే మరీ ప్రమాదం. కారణాన్ని తేల్చే రూకామ్ స్కోరు తేదీల మీదే నడుస్తుంది. తొలి మోతాదుకూ ఎస్‌జీపీటీ పెరగడానికీ మధ్య 5 నుంచి 90 రోజులైతే ఎక్కువ పాయింట్లు, ఆపాక ఎంత త్వరగా తగ్గిందన్నదానికి ఇంకొన్ని పాయింట్లు. తేదీలు లేకపోతే స్కోరే లేదు.

మందుకూ, మందు లేని డమ్మీ బిళ్లకూ మధ్య తేడా మనం అనుకునేంత పెద్దదిగా ఉండదని కూడా పాఠకులకు తెలియాలి. 2024 మార్చిలో అమెరికా అనుమతి పొందిన ఫ్యాటీ లివర్ మందు రెస్‌మెటిరోమ్‌నే తీసుకోండి. 966 మంది, 52 వారాలు. ఫైబ్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) కనీసం ఒక దశ మెరుగైనవారు 100 మిల్లీగ్రాముల గుంపులో 26 శాతం, డమ్మీ గుంపులో 14 శాతం. తేడా 12 శాతమే. ఈ సందులోకి లెక్కకెక్కని చూర్ణాలు దూరితే ఇక ఏ గణాంకం నమ్మాలి?

నాటుమందులన్నీ పనికిరానివని మేం అనడం లేదు. 1988లో మద్రాసు పరిశోధకులు నేల ఉసిరిని హెపటైటిస్-బి ఉన్నవారికి 30 రోజులిచ్చి చూస్తే 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ ఉందని చూపే యాంటిజెన్ పోయింది. డమ్మీ తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. ప్రపంచమంతా ఆశగా చూసింది. తర్వాత వేరేచోట్ల చేసిన ట్రయల్స్‌లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. ఆకునైనా బిళ్లనైనా తూచాల్సిన తక్కెడ ఇదే. హెపటైటిస్-ఎ, ఇ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పసరుకు వచ్చిన పేరు చాలావరకు ఇలా వచ్చిందే.

పేగు వైపు ఇబ్బంది గ్యాస్ బిళ్లతో. పాంటాప్రజోల్ లాంటివి కనీసం రెండు వారాలు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాలు ఆపకుండా కడుపులో పూత పుట్టించే హెచ్.పైలోరి బ్యాక్టీరియాకు శ్వాస పరీక్ష చేస్తే బ్యాక్టీరియా ఉన్నా లేదనే రావచ్చు. అలాగే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌కు కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా రావాలి. టిఫిన్ చేసి వస్తే కాలేయం ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది.

ట్రయల్‌లో చేరేవారికి మా మనవి. ఇంట్లో ఉన్న సీసాలు, పొట్లాలు, ఖాళీ స్ట్రిప్పులతో సహా అన్నీ ఒక సంచిలో వేసుకుని ప్రతి విజిట్‌కూ తీసుకెళ్లండి. ఏది ఎప్పుడు మొదలుపెట్టారు, రోజుకు ఎన్ని చెంచాలు, ఎప్పుడు ఆపారు, కాగితం మీద రాయండి. పొడి అయితే కొంచెం పారేయకుండా దాచండి. అవసరమైతే అందులో సీసం, పాదరసం, స్టెరాయిడ్ ఉన్నాయేమో పరీక్షిస్తారు. మద్యం తాగే అలవాటు కూడా దాయకండి. పీఈటీహెచ్ అనే రక్తపరీక్షలో రెండు మూడు వారాల కిందటిదీ బయటపడుతుంది. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పెట్టినా తర్వాతి విజిట్ దాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయండి. 48 నుంచి 72 గంటల్లో ఎస్‌జీపీటీ, బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్ఆర్ మళ్లీ చూడాలి. హెపటైటిస్-ఎ, ఇ పరీక్షలూ చేయాలి.

చెబితే ట్రయల్ నుంచి తీసేస్తారన్న భయం అక్కర్లేదు. కొన్నాళ్లు ఆపి మళ్లీ రమ్మనవచ్చు. తీసుకోకపోయినా మామూలు వైద్యానికి ఏ ఢోకా ఉండకూడదు. 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్‌లో హాని జరిగితే, అది ట్రయల్ వల్ల కాదని తేలేదాకా ఉచిత వైద్యం అందాలి. ట్రయల్ వల్లేనని తేలితే పరిహారం కూడా ఇవ్వాలి. కారణం తేలాలంటే మీరు చెప్పిన వివరాలే ఆధారం.

ట్రయల్స్‌కు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలను కోరేది ఒక్కటే. తెలుగు, ఉర్దూ, హిందీ ప్రశ్నపత్రాల్లో పసరు, చూర్ణం, లేహ్యం, భస్మం, మాజూన్, కుష్తా (యునానీ భస్మం), జిమ్ పొడి, నొప్పి బిళ్ల, గ్యాస్ బిళ్ల అని విడివిడిగా గడులు పెట్టించండి. ఒక్క స్క్రీనింగ్ రోజునే కాక ప్రతి విజిట్‌లోనూ అవే అడిగించండి. పత్రికలు కూడా ట్రయల్ వార్త వేసేటప్పుడు సీటీఆర్ఐ (దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ) నంబరు వేస్తే బాగుంటుంది. ఆ ట్రయల్‌లో ఎవరిని చేర్చుకుంటారో, ఎవరిని చేర్చుకోరో పాఠకులు ఆ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు.

— కాలేయ ట్రయల్స్‌లో పనిచేసే కోఆర్డినేటర్లు, హైదరాబాద్