మెట్స్‌కు ముందు కావలసింది స్టార్టర్లు

సంపాదకుడు గారికి నమస్కారం.

న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ జట్టు ఈ ఏడాది ప్లేఆఫ్స్‌కు (సీజన్ చివరి నాకౌట్ దశకు) చేరకపోవడం మీద మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. 765 మిలియన్ డాలర్ల ఒప్పందంతో వచ్చిన హువాన్ సోటో మీదే తప్పంతా వేసినట్టుంది అందులో. అది అన్యాయం. సోటో 43 హోమ్ రన్లు కొట్టాడు. జట్టు దెబ్బతిన్నది పిచింగ్‌లో (బంతి విసరడంలో), అందులోనూ స్టార్టర్ల దగ్గర, అంటే మ్యాచ్‌ను మొదలుపెట్టే పిచర్ల దగ్గర. న్యూజెర్సీలో ఈ జట్టును ప్రాణంగా చూసుకునే తెలుగు పిల్లలు, వాళ్లతోపాటు కూర్చుని ఆట నేర్చుకున్న తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. వాళ్లకోసమైనా అసలు సంగతి చెప్పాలనిపించింది.

జూన్ 12 నాటికి మెట్స్ 45 గెలిచి, 24 ఓడి మొత్తం 30 జట్లలో ముందు నిలిచింది. స్టార్టర్ల ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఇచ్చే పరుగుల సగటు) కూడా అప్పటికి అందరికంటే మెరుగు. సరిగ్గా ఆ రోజే స్టార్టర్ కొడాయ్ సెంగా మొదటి బేస్ కాయడానికి పరుగెత్తి బంతి అందుకుంటూ తొడ వెనక కండరం దెబ్బతీసుకున్నాడు. అప్పటికి అతని ఈఆర్ఏ 1.47 మాత్రమే. అదే నెలలో టైలర్ మెగిల్‌కు మోచేయి, గ్రిఫిన్ కానింగ్‌కు మడమ వెనక స్నాయువు పోయాయి. షాన్ మనాయా, ఫ్రాంకీ మోంటాస్ సీజన్ మొదలవకముందే గాయపడి ఉన్నారు. ఇక అక్కడినుంచి మెట్స్ గెలిచింది 38, ఓడింది 55. ఆఖరి రోజు మయామీలో 4-0తో ఓడి, 83 విజయాలతో సిన్సినాటి రెడ్స్‌తో సమానంగా నిలిచినా, ముఖాముఖి మ్యాచ్‌లలో రెడ్స్‌దే పైచేయి కావడంతో ఇంటిదారి పట్టింది.

గాయాలకు ఎవరేం చేస్తారని చాలామంది సర్దుకుంటున్నారు. నాకు ఆ వాదన రుచించదు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు గాయాలు తక్కువా? బ్లేక్ స్నెల్, టైలర్ గ్లాస్నో, రోకి ససాకీ ముగ్గురూ భుజం నొప్పితో నెలల తరబడి ఆడలేదు. అయినా కెర్షా ఉన్నాడు, ఎమెట్ షీహన్ ఉన్నాడు, ఒహ్తాని మళ్లీ బంతి పట్టాడు. అక్టోబరు వచ్చేసరికి స్నెల్, గ్లాస్నో కోలుకుని తిరిగొచ్చారు. యమమోటో అయితే ప్లేఆఫ్స్‌లో రెండు మ్యాచ్‌లు మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా తానే వేశాడు. కప్పు వాళ్లకే దక్కింది.

162 మ్యాచ్‌ల సీజన్‌లో ఐదుగురు స్టార్టర్లే మొదటి నుంచి చివరిదాకా నిలబడతారని లెక్కవేయడమే తప్పు. ఆరో, ఏడో, ఎనిమిదో మనిషి కూడా పెద్ద లీగ్‌లో నిలవగలవాడై ఉండాలి. స్టార్టర్ నాలుగు ఇన్నింగ్స్‌కే వెనుదిరిగితే తొమ్మిదిలో మిగతా ఐదూ బుల్‌పెన్, అంటే తర్వాత వచ్చే రిలీవర్ల బృందం, మోయాలి. ఒకరోజైతే ఫరవాలేదు. వారంలో నాలుగు రోజులు అదే జరిగితే, టెస్ట్ మ్యాచ్‌లో ఒకే బౌలర్‌తో రోజంతా ఓవర్లు వేయించినట్టే, చేతులు పడిపోతాయి. మెట్స్‌కు జరిగింది అదే. జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా ఆరు ఇన్నింగ్స్ పూర్తిచేయగలిగిన స్టార్టర్ దాదాపు డేవిడ్ పీటర్సన్ ఒక్కడే. ఆల్ స్టార్ జట్టుకు ఎంపికైన పీటర్సన్ కూడా చివరికి అలసిపోయి, 4.22 ఈఆర్ఏతో సీజన్ ముగించాడు. అతనిని తప్పుపట్టలేం. నిరుడు యాంకీస్‌లో రిలీవర్‌గా 63 ఇన్నింగ్స్ వేసిన క్లే హోమ్స్‌తో ఈసారి 165 వేయించారు. జట్టులో 160 దాటినవాళ్లు వీళ్లిద్దరే!

ఇదంతా జూలై నెలాఖరుకే కళ్లముందు ఉంది. అప్పుడు ఆటగాళ్లను ఎంచి తెచ్చే బాధ్యత ఉన్న జట్టు అధ్యక్షుడు డేవిడ్ స్టెర్న్స్ తెచ్చినవాళ్లు ఎవరు? గ్రెగరీ సోటో, టైలర్ రోజర్స్, రయన్ హెల్స్‌లీ అనే ముగ్గురు రిలీవర్లు, సెంటర్ ఫీల్డర్ సెడ్రిక్ మలిన్స్. ఒక్క స్టార్టర్ కూడా లేడు. హెల్స్‌లీ మెట్స్‌కు వేసిన ఇన్నింగ్స్‌లో ఈఆర్ఏ 7.20. సీజన్ ముగిశాక పిచింగ్ కోచ్ జెరెమీ హెఫ్నర్‌ను పంపించేశారు. లేని స్టార్టర్లను కోచ్ ఎక్కడినుంచి తెస్తాడు?

కుర్రాళ్లు ఉన్నారుగా అనవచ్చు. నోలన్ మెక్‌లీన్ ఆగస్టులో వచ్చి ఎనిమిది మ్యాచ్‌లలో 2.06 ఈఆర్ఏతో నిజంగా ఆశ కలిగించాడు. అతన్ని చూస్తే నాకూ ఎంతో సంతోషంగా ఉంటుంది. అందుకే భయం కూడా. వచ్చే ఏడాది భారమంతా అతని మీద, జోనా టాంగ్, బ్రాండన్ స్ప్రోట్ల మీద వేస్తే ఆ చేతులు ఎంతకాలం నిలుస్తాయి? టాంగ్ సెప్టెంబరులో టెక్సస్ జట్టు మీద మొదటి ఇన్నింగ్స్ కూడా పూర్తిచేయకుండా ఆరు పరుగులిచ్చాడు. నేర్చుకునే వయసు అతనిది. ప్లేఆఫ్ రేసు టెన్షన్‌లో నేర్చుకోమనడం న్యాయం కాదు.

ఈ శీతాకాలం మార్కెట్లో, ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగల స్టార్టర్లు ఫ్రాంబర్ వాల్డెజ్, డిలన్ సీజ్, రేంజర్ సువారెజ్ ఉన్నారు. వీళ్లలో ఒకరితో ఒప్పందం చేసుకోవాలి, ట్రేడ్ (వేరే జట్టుతో ఆటగాళ్ల మార్పిడి) ద్వారా మరొకరిని తెచ్చుకోవాలి. జట్టు యజమాని స్టీవ్ కోహెన్ అభిమానులకు క్షమాపణ చెప్పారు, సంతోషం. పిచర్లకు దీర్ఘకాల ఒప్పందాలు ఇవ్వడానికి జంకే స్టెర్న్స్‌కు ఆయనే నచ్చజెప్పాలి. ఫిబ్రవరిలో పోర్ట్ సెయింట్ లూసీలో శిక్షణ మొదలయ్యే నాటికి మెక్‌లీన్ స్టార్టర్ల వరుసలో మూడో స్థానంలో, టాంగ్ కింది స్థాయి జట్టు సిరక్యూస్‌లో ఉండగలిగేంతమంది స్టార్టర్లు జట్టులో కనిపించాలి.

ఇట్లు,
ఒక మెట్స్ అభిమాని,
ఎడిసన్, న్యూజెర్సీ
నవంబరు 2025