కుట్లు మానాయి, మాత్రలు ఆగాయి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో పుట్టి పెరిగినవాణ్ణి. ఒడియా బడిలోనే చదువుకున్నాను. ఈ లేఖ ఒడియా ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. ఇక్కడ తెలుగులో పెడుతున్నది, మా వీధుల్లో గుండె ఆపరేషన్ జరిగి ఛాతీ మీద గీత ఉన్నవాళ్లు కూడా చదువుకోవాలని.

మా అమ్మకు 63 ఏళ్లు. నిరుడు సరిహద్దు దాటి పొరుగు రాష్ట్రానికి తీసుకువెళ్లి గుండెకు బైపాస్ ఆపరేషన్ చేయించాం. ఖర్చులో పెద్ద భాగం ఆరోగ్య కార్డు మీదే గడిచింది. ఆ మేలు మరిచిపోలేదు.

ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టిన రెండు పేజీల కాగితం పూర్తిగా ఇంగ్లిషు. అమ్మ కూడబలుక్కుని తెలుగు చదువుతుంది, ఒడియా మాట్లాడుతుంది. ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజులతో కలిపి బీరువాలో పెట్టింది. ఆరో నెలకు కుట్లు పూర్తిగా మానాయి, మేడ మెట్లు ఎక్కుతోంది. “గుండె బాగుచేశారు కదా, ఇంకా ఈ మాత్రలెందుకు?” అని ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర రెండూ ఆపేసింది. మాకు తెలిసేసరికి రెండు నెలలు గడిచిపోయాయి. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

బైపాస్‌తో జబ్బు పోదు. మూసుకున్న చోటును తప్పించి రక్తానికి పక్కదారి వేస్తారు, అంతే. ఛాతీ లోపలి ధమనితో వేసిన దారి పదేళ్ల తర్వాత కూడా వందలో తొంభై మందికి తెరిచే ఉంటుంది. కాలి సిరతో వేసిన దారుల్లో ఆ పాటికి ఇంచుమించు సగం పాడవుతాయి. అమ్మకు ఒకటి ధమని, రెండు కాలి సిరలు. ఆ రెండూ నిలవాలంటే రోజూ మాత్రలు పడాలి, చక్కెర, బీపీ అదుపులో ఉండాలి, పొగాకు పోవాలి.

పొగాకు దగ్గర కొంచెం ఆగుతాను. మా వైపు పెద్ద వయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఉంది: చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు. డాక్టరు గారు “సిగరెట్టు తాగుతారా?” అని అడిగారు. తాగనంది అమ్మ. అబద్ధం కాదుగా! ఇంటికొచ్చాక మేము పోరగా పోరగా చుట్ట మానేసింది, నాలుగు రోజులకు గుడాకుతో పళ్లు తోమడం మొదలుపెట్టింది. అదీ పొగాకేనని చెబితే ఇప్పటికీ నవ్వుతుంది.

ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు మాకు విడమరిచి చెప్పారు. గుండె పంపింగ్ తగ్గినవాళ్లకు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు, చక్కెర ముదిరినవాళ్లకు, అత్యవసరంగా బల్ల ఎక్కినవాళ్లకు ప్రాణాపాయం ఎక్కువ. మగవాళ్ల కంటే ఆడవాళ్లకు ఎక్కువ. వాళ్ల నాళాలు సన్నం, పైగా ఆలస్యంగా వస్తారు. అమ్మ ఏడాది పాటు గ్యాసు నొప్పి అనుకుని వాము నమిలింది.

నేను కొత్త గుండె ఆసుపత్రి అడగడం లేదు. కార్డు మీద ఎవరికి బైపాస్ జరిగిందో, వాళ్లది ఏ ఊరో మీ శాఖ లెక్కల్లో ఉండి తీరుతుంది, డబ్బు చెల్లించింది మీరే కాబట్టి. ఆ జాబితాను గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల ఆశా కార్యకర్తలకు ఇవ్వండి. జిల్లా కేంద్ర ఆసుపత్రుల్లో నెలకొక రోజు వీళ్లకని కేటాయించి ఈసీజీ, చక్కెర, కొలెస్ట్రాల్, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. ‘నిరామయ’ కింద ఉచిత మందులు ఇవ్వడం మీ ప్రభుత్వ విధానమే. వీళ్లకు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వండి. మందుల వరుసలో నిలబడితే ఆ రోజు కూలి పోతుంది, మాత్ర మానడం అక్కడే మొదలవుతుంది. ఇంటికి పంపే కాగితంలో మాత్ర బొమ్మ, పక్కన సూర్యుడో చంద్రుడో ఉంటే చాలు. మాటలు ఒడియా, తెలుగు, సవర భాషల్లో రాయించండి. పొరుగు రాష్ట్ర ఆసుపత్రులకు బిల్లు చెల్లించేటప్పుడు దీన్ని షరతుగా పెట్టవచ్చు.

అమ్మ మళ్లీ మాత్రలు వేసుకుంటోంది. దేవుడి గూట్లో దీపం పక్కన డబ్బా పెట్టాను, దండం పెట్టుకుని మాత్ర మింగుతుంది. గుడాకు సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

భవదీయుడు,
పర్లాకిమిడి వాసి ఒకడు