శిక్ష పూర్తయిన జాలర్లను ఇంకా ఎన్నాళ్లు ఉంచుతారు?

సంపాదకుడి గారికి,

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలో బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. 2018 నవంబరులో గుజరాత్ వైపు వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లను పాకిస్తాన్ పట్టుకున్నప్పుడు, వాళ్ల ఇళ్లవాళ్ల కోసం అర్జీలు రాసిపెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి వచ్చారు. దాంతో సమస్య తీరిపోయిందని చాలామంది అనుకున్నారు. తీరలేదు. 2025 జూలై 1న రెండు దేశాలు ఇచ్చిపుచ్చుకున్న ఖైదీల జాబితాల ప్రకారం 193 మంది మన దేశపు జాలర్లు పాకిస్తాన్ చెరలో ఉన్నారు. వాళ్ల జాలర్లు 81 మంది మన దగ్గర ఉన్నారు. శిక్ష పూర్తయిన 159 మందిని పంపించమని మన విదేశాంగ శాఖ అదే రోజు అడిగింది. వాళ్లలో జాలర్లూ ఉన్నారు, మామూలు ఖైదీలూ ఉన్నారు. శిక్ష అయిపోయినా లోపలే ఉండటమేమిటన్నదే నా బాధ.

అక్కడి చిక్కు కొంత నాకు తెలుసు. పట్టుబడినవాడు భారతీయుడేనని మన ప్రభుత్వం ధ్రువీకరించాలి. ఆ కాగితం ఢిల్లీ నుంచి జిల్లాకు, అక్కణ్ణుంచి ఊరికి వచ్చి, తిరిగి అదే దారిన వెళ్లాలి. ఒకసారి ఒక ఇంట్లో పుట్టుమచ్చల గడి దగ్గర ఆగిపోయాం. పెళ్లయి ఏడాది కూడా కాని కోడలు ఏం చెప్పాలో తెలియక తల దించుకుంది. అత్త లోపలి నుంచి వచ్చి, "రాయండి మాస్టారూ, ఎడమ మోకాలి కింద వలతాడు కోసిన మచ్చ ఉంటాది" అంది. ఆ అర్జీ ఒక ఆఫీసు నుంచి రెండుసార్లు వెనక్కి వచ్చింది. కారణం, ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, జాబితాలో ఇంకోలా ఉండటం. కరాచీలో ఎవరో చెవికి వినపడినట్టు రాసుకున్న పేరు మన రేషన్ కార్డుతో అక్షరం అక్షరం ఎలా కలుస్తుంది?

తప్పంతా అవతలివాళ్లదే అనను. గుజరాత్ ఒడ్డున చేప తగ్గిపోయి, బోటు యజమాని అయిన సేటుకు సరుకు చూపించాలన్న ఒత్తిడిలో తెలిసే హద్దు దాటే బోట్లూ ఉన్నాయి. కానీ ఆ హద్దే ఇంకా తేలలేదు. గుజరాత్, పాకిస్తాన్ సరిహద్దులోని కచ్ రణ్ తగాదా మీద 1968లో ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది, సర్ క్రీక్ మాత్రం అందులోకి రాలేదు. సుమారు 96 కిలోమీటర్ల ఆ ఉప్పునీటి పాయ ఎవరిదో తేలితే తప్ప దాని మూతి నుంచి సముద్రంలోకి గీత గీయలేరు. గంటల తరబడి వల ఈడ్చుకుంటూ పోయే బోటు రాత్రిపూట ఇంజిను చెడి పోటుకు కొట్టుకుపోతే, బోటు నడిపే తండేలు మాత్రం ఏం చేయగలడు?

సముద్ర చట్టాలపై ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని 73వ అధికరణ ఒక మాట స్పష్టంగా చెబుతోంది. ప్రత్యేక ఆర్థిక మండలిలో, అంటే తీర దేశానికి చేపల మీద హక్కుండే సముద్ర భాగంలో, చేపల వేట నిబంధనలు తప్పిన పరాయి దేశస్థులకు, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైలు శిక్ష వేయకూడదు. దాన్ని భారత్, పాకిస్తాన్ రెండూ ఆమోదించాయి. ఇక 2008 మే నెలలో రెండు దేశాలు చేసుకున్న ఒప్పందం ప్రకారం పట్టుబడిన మూడు నెలల్లోగా మన దౌత్యాధికారులను కలవనివ్వాలి. శిక్ష పూర్తయి, ఏ దేశం వాళ్లో తేలిన నెల రోజుల్లోగా వదిలేయాలి. జైళ్లకు వెళ్లి చూడటానికి రెండు దేశాల రిటైర్డ్ జడ్జీలతో 2007లో ఒక కమిటీ వేశారు. అది చివరిసారి సమావేశమైంది 2013 అక్టోబరులో.

పహల్గాం దాడి తర్వాత పాకిస్తాన్‌తో మాటలేమిటని కొందరు కోప్పడతారు. ఆ కోపం నాకూ ఉంది. కానీ 2025 మే నెలలో క్షిపణులు పేలాక కూడా జూలై 1న జాబితాలు చేతులు మారాయి. అంత టెన్షన్‌లోనూ కాగితాలు అటూ ఇటూ వెళ్లినప్పుడు, శిక్ష పూర్తి చేసుకున్న మనుషులు ఎందుకు వెళ్లలేరు? జాలర్ల విషయాన్ని మిగతా చర్చల నుంచి విడదీసి, జడ్జీల కమిటీని మళ్లీ కదిలించాలి. మన దగ్గరున్న వాళ్ల జాలర్లలో శిక్ష పూర్తయినవాళ్లను ముందు మనమే పంపి, మనవాళ్లను అడగవచ్చు.

మన తెలుగు ఎంపీలు పార్లమెంటులో రెండు ప్రశ్నలు వేయాలని కోరుతున్నాను. జాబితాలో ఉన్నవాళ్లలో ఎంతమంది పౌరసత్వ ధ్రువీకరణ మన వైపే ఆగి ఉంది? ఎన్నాళ్లుగా? ఇక రాష్ట్ర మత్స్యశాఖ చేయగలిగిన పని ఒకటుంది. మన జిల్లా నుంచి గుజరాత్ వెళ్లే ప్రతి కలాసీ (బోటు మీద పనిచేసే మనిషి) ఫొటో, వేలిముద్రలు, ఆనవాళ్లు బయల్దేరే ముందే తీసుకుని ఉంచుకోవాలి. వేట విరామం ముగిసి అక్కడ బోట్లు కదిలేది ఆగస్టులో. మావాళ్లు రైలెక్కేది అంతకు ముందే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
ఎచ్చెర్ల మండలం, శ్రీకాకుళం జిల్లా