నాటో ఒక్కటే కారణమా?

అయ్యా,

ఉక్రెయిన్ యుద్ధం గురించి ఎక్కడ చర్చ జరిగినా 'నాటో రెచ్చగొట్టింది, రష్యా తిరగబడింది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి అయిన నాటో తప్పు లేదని నేననను. 2008 బుకారెస్ట్ సమావేశంలో ఉక్రెయిన్, జార్జియా సభ్యులవుతాయని ప్రకటించారు, ఎప్పుడో మాత్రం చెప్పలేదు. పెళ్లి ఖాయం, ముహూర్తం అడగొద్దు అన్నట్టు! అటు రష్యాకు కోపం తెప్పించారు, ఇటు ఉక్రెయిన్‌కు రక్షణా ఇవ్వలేదు.

మరి 1994 నాటి బుడాపెస్ట్ ఒప్పందం సంగతో? సోవియట్ కాలం నుంచి తన గడ్డపై మిగిలిన అణ్వాయుధాలను ఉక్రెయిన్ వదులుకుంది. బదులుగా దాని సరిహద్దులను గౌరవిస్తామని అమెరికా, బ్రిటన్‌లతో పాటు రష్యా కూడా సంతకం పెట్టింది. ఇరవై ఏళ్లకే, 2014లో, అదే రష్యా ఉక్రెయిన్‌లోని క్రిమియాను కలిపేసుకుంది. అప్పటికి ఉక్రెయిన్ తన చట్టం ప్రకారమే ఏ కూటమిలోనూ చేరని దేశం! 2021 జులైలో పుతిన్ రాసిన వ్యాసమైతే రష్యన్లు, ఉక్రెయినియన్లు ఒకే జాతి అంటుంది. పక్కింటివాడికి వేరు కాపురమే ఉండకూడదనడం కాదా ఇది?

2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో 141 దేశాలు రష్యాను వెనక్కి వెళ్లమన్నాయి. మనతో సహా 35 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. రష్యా ఆయుధాలు మనకు అవసరమన్నది తెలిసిందే, తర్వాత అక్కడి నుంచి చౌక ముడి చమురూ వచ్చింది. ఆ నెలలోనే మా వీధి కిరాణా కొట్లో సన్‌ఫ్లవర్ నూనె 'మనిషికి రెండు ప్యాకెట్లే' అన్నారు. మన బాండీలోకి నూనె ఉక్రెయిన్ నుంచి కూడా వస్తోందని మాలో చాలామందికి అప్పుడే తెలిసింది.

- ఒక పాఠకుడు, తెనాలి